గిటార్ పికప్‌లు, 6వ పాఠం: మాగ్నెట్ ఏ వైపు తిప్పి పెట్టారు?

ఈసారి పికప్‌లో (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) వాడే మాగ్నెట్ రకాలు, అంటే ఆల్నికో (అల్యూమినియం, నికెల్ కలిపిన లోహం) 2, ఆల్నికో 5, సెరామిక్ మధ్య తేడా వినడం మొదలుపెడదాం అన్నాను. అది చివర్లో. ముందు పోయినసారి హంబకర్‌లో (రెండు కాయిల్స్, అంటే రాగి తీగ చుట్టలు, ఉండే పికప్) మాగ్నెట్ మార్చినవాళ్ల గొడవ తీర్చాలి, ఎందుకంటే అందరూ చెప్పింది దాదాపు ఒకటే: నెక్ (గిటార్ మెడ వైపు) పికప్ ఒక్కటే పెడితే బాగుంది, బ్రిడ్జ్ (తీగల అడుగు కొస వైపు) ఒక్కటే పెట్టినా బాగుంది, రెండూ కలిసి మోగేలా స్విచ్ మధ్యలోకి తెస్తే మాత్రం బేస్ ఎగిరిపోయి సన్నగా, డొల్లగా వస్తోంది. కాయిల్ తెగిందేమోనని మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూసినవాళ్లూ ఉన్నారు. ఓమ్స్ రాగి తీగ లెక్క, మాగ్నెట్ మొత్తం తీసేసినా ఆ అంకె మారదు. ఏదీ తెగలేదు, మాగ్నెట్ తిరగేసి పెట్టారు, అంతే.

మాగ్నెట్ తిరగబడితే రెండు కాయిల్స్ కూడా కలిసే తిరగబడతాయి కాబట్టి ఆ పికప్ హమ్‌ని (కరెంటు వల్ల వచ్చే గుయ్ మనే రొద) మామూలుగానే ఆపుతుంది, ఒంటరిగా వాయిస్తే తేడా తెలియదు. రెండో పికప్ తోడయినప్పుడే ఒకదాని సిగ్నల్ ఇంకోదాన్ని కొట్టేస్తుంది.

అసలు తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్తాను, ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్కూలు పుస్తకంలో బార్ మాగ్నెట్ బొమ్మలో ధ్రువాలు రెండు కొసల్లో ఉంటాయి. హంబకర్ కింద ఉండేది అలాంటిది కాదు. సుమారు రెండున్నర అంగుళాల పొడవు, అర అంగుళం వెడల్పు ఉండే ఆ బిళ్లలో ధ్రువాలు రెండు పొడవాటి అంచుల్లో ఉంటాయి. ఒక అంచు ఒక కాయిల్‌లోని స్క్రూల వరసకి ఆనుతుంది, రెండోది ఇంకో కాయిల్‌లోని స్లగ్‌ల (తిప్పే వీలు లేని ఉక్కు ముక్కలు) వరసకి. కాబట్టి ఎడమ కొస కుడికి వచ్చిందా అని చూసుకుంటే ఏమీ తేలదు. కొస మీదుగా బోర్లా వేస్తే కొసలు మారతాయి గానీ అంచులు మారవు, పాత దిశే ఉంటుంది. బల్ల మీద పెట్టినట్టే పెట్టి గుండ్రంగా సగం తిప్పితే అంచులు మారిపోతాయి. పొడవు మీదుగా దొర్లించినా అంతే. స్క్రూల వైపు ఏ అంచు ఉందో అదొక్కటే చూడండి.

కొత్తది పెట్టేముందు పాత మాగ్నెట్‌లో స్క్రూల వైపు అంచుకి తెల్ల పెన్‌తో గీత పెట్టండి. దాన్ని బల్ల మీద పెట్టి, గీత లేని అంచుకి కొత్తదాన్ని పొడవాటి అంచు ఆనేలా దగ్గరికి తెండి. రైలు పెట్టెల్లా అతుక్కుంటే రెండిటి దిశ ఒకటే, తోసేస్తే కొత్తదాన్ని తిప్పండి. అతుక్కున్నాక కొత్తదానిలో పాతదాన్ని తాకే అంచుకి గీత పెట్టండి, అదే స్క్రూల వైపు వెళ్లాలి. ఒకదాని మీద ఒకటి బిళ్లల్లా పేర్చి చూడకండి, అలా అతుక్కుంటే దిశలు ఎదురెదురుగా ఉన్నట్టు.

పికప్ బయటికి తీయడానికి నేనైతే స్ట్రింగ్స్ మొత్తం విప్పను, కేపో (తీగల్ని మెడకి నొక్కిపట్టే క్లిప్) వేసి వదులు చేసి పక్కకి నెట్టేస్తాను.

ఈ డొల్ల సౌండ్ కావాలని వెతికేవాళ్లూ ఉన్నారండోయ్. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ గిటారిస్ట్ పీటర్ గ్రీన్ వాడిన 1959 గిబ్సన్ లెస్ పాల్ గిటార్‌లో నెక్ పికప్ మాగ్నెట్ ఇలా తిరగబడిందే. ఆ గిటార్ తర్వాత గిటారిస్ట్ గ్యారీ మూర్ దగ్గరికి, చివరికి మెటాలికా కర్క్ హామెట్ దగ్గరికి చేరింది.

ఇక రకాలు. అంకె పెరిగితే బలం పెరుగుతుందనుకోకండి, కోబాల్ట్ లేని ఆల్నికో 3, ఆల్నికో 2 కన్నా బలహీనం. 2లో పిక్ దెబ్బ మెత్తగా, బేస్ కాస్త వదులుగా ఉంటుంది. 5లో బేస్ బిగుతుగా, పైన మెరుపుగా వస్తుంది. నాకు నెక్‌లో 2, బ్రిడ్జ్‌లో 5 ఇష్టం. సెరామిక్ అంటే చవక సరుకని మొహం చిట్లించేవాళ్లకి ఒక మాట, 1972లో వచ్చిన డిమార్జియో కంపెనీ సూపర్ డిస్టార్షన్ పికప్ సెరామిక్‌దే. చవక స్ట్రాట్‌లలో (స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లు) వినిపించే తేడా మాగ్నెట్ ఒక్కదానిదే కాదు, అక్కడ ఆల్నికో కడ్డీల బదులు ఉక్కు పోల్స్, కింద సెరామిక్ పట్టీ ఉంటాయి.

ప్రాక్టీస్: ఒకే పికప్‌లో మూడు మాగ్నెట్లూ మార్చి, ఒకే రిఫ్‌ని ఒకే ఆంప్ సెట్టింగ్‌లో రికార్డ్ చేయండి. బలమైన మాగ్నెట్‌తో సౌండ్ పెరుగుతుంది, పెరిగిందే బాగుందని చెవి మోసపోతుంది, అందుకని ప్రతిసారీ పికప్ ఎత్తు తగ్గించో పెంచో సౌండ్ సమం చేయండి. ఫైళ్ల పేర్లు ఇంకొకళ్ల చేత మార్పించి, వారం తర్వాత విని ఏది ఏదో రాసి పంపండి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి.