వానలు పట్టకముందే తోలు రంగుల పని ముగించండి

అక్టోబరు మూడో వారం దాటాక చెన్నైలో తోలుకి రంగు వేసే పని పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా వదలవు. ముసురు పట్టిన రోజుల్లో గాలిలో తేమ 80 శాతం పైనే ఉంటుంది. జల్లు కొడుతోందని కిటికీలు మూస్తాం. మూసిన గదిలో రంగు ఆరదు, రంగులో ఉండే స్పిరిట్ ఆవిరి బయటికి పోదు. ఆ ఆవిరి పీలిస్తే తలనొప్పి రావచ్చు. దీపావళికో సంక్రాంతికో ఎవరికైనా బెల్టులు, పర్సులు ఇస్తానని ఒప్పుకుని ఉంటే రంగు, ఫినిషింగ్ (రంగు మీద వేసే పైపూత) ముందే కానిచ్చేయండి.

టూలింగ్ (తడిపిన తోలు మీద గీతలు కోసి, స్టాంపులు కొట్టి డిజైను తేల్చడం) మాత్రం వానాకాలానికే దాచుకోవచ్చు. మే నెలలో తడిపిన తోలు ఫ్యాన్ కింద చూస్తుండగానే ఆరిపోతుంది, మాటిమాటికీ స్పాంజి పెట్టాలి. వానరోజున ఒకసారి తడిపితే చాలాసేపు పదును నిలుస్తుంది. తడిపిన వెంటనే స్టాంపు కొట్టకండి. తోలు రంగు మళ్లీ లేతబడుతూ, చెంపకి ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతున్నప్పుడు స్వివెల్ నైఫ్ (గీతలు కోసే, తిరిగే బ్లేడున్న కత్తి) పట్టుకోవాలి. అప్పుడు గీత శుభ్రంగా తెగుతుంది, స్టాంపు ముద్ర చుట్టూ ముదురు గోధుమ రంగు తేలుతుంది. ఇదంతా వెజ్ ట్యాన్, అంటే చెట్ల చెక్క, కాయలతో శుద్ధి చేసిన తోలు సంగతి. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన క్రోమ్ ట్యాన్ మీద ముద్ర నిలవదు. చెన్నై తోలు బజారైన పెరియమెట్‌లో ముక్క కొనేటప్పుడు గోటితో గట్టిగా నొక్కి, అంచు చూడండి. వెజ్ ట్యాన్‌లో గోటి గుర్తు ఉండిపోతుంది, కోసిన అంచు లోపలిదాకా గోధుమ రంగులో ఉంటుంది. క్రోమ్ తోలు అంచులో తరచూ నీలం, బూడిద ఛాయ కనిపిస్తుంది.

తడిపే నీళ్ల గురించి చాలామంది పట్టించుకోరు. బోరు నీళ్లలో, ట్యాంకర్ నీళ్లలో ఇనుము ఉంటే తోలు మీద నల్లటి మచ్చలు వస్తాయి. తోలు శుద్ధికి వాడింది తంగేడు చెక్క అయినా, కరక్కాయ అయినా, తుమ్మ చెక్క అయినా వాటిలోని టానిన్‌కి ఇనుము తగిలితే నలుపే. తడి తోలు మీద ఇనప స్కేలు వదిలేసినా, బ్లేడు నూరిన పొడి రాలినా అంతే. తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో వాడండి. మచ్చ పడ్డాక ఆక్సాలిక్ యాసిడ్‌తో తీయవచ్చు కానీ అది విషం, చూడటానికి పంచదారలా ఉంటుంది. వంటగది దరిదాపుల్లో పెట్టకండి.

సగం చెక్కిన ముక్కని జిప్ కవర్లో పెట్టి పడుకోవడం అలవాటైతే ఈ మూడు నెలలు మానుకోండి. తడి, చీకటి, గాలి ఆడకపోవడం మూడూ కలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే బూజు. పని మర్నాటికి వాయిదా పడితే కవర్‌తో సహా ఫ్రిజ్‌లో పెట్టాలి. మా ఇంట్లో సగం మంది శాకాహారులు కాబట్టి ఈ చిట్కా అమలు కావడానికి కొంత రాయబారం నడపాల్సి వచ్చింది. రెండు మూడు రోజుల్లో ముట్టుకోకపోతే పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ తడుపుకోవడం నయం. ఆరబెట్టడానికి ఫ్యాన్ గాలి చాలు. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెట్టకండి. తడిసిన వెజ్ ట్యాన్ తోలు 70–80 డిగ్రీల వేడికే ముడుచుకుపోయి చెక్కలా బిగుసుకుంటుంది, తర్వాత ఎంత నూనె పట్టించినా మామూలు కాదు.

ఇక అసలు భయపడాల్సినది నిప్పు. స్పిరిట్ రంగుల్లో ఉండేది ఇథనాలో, ఐసోప్రొపైల్ ఆల్కహాలో. ఇవి సుమారు 12–17 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతాయి. చెన్నైలో డిసెంబరు రాత్రి కూడా సాధారణంగా అంత చల్లబడదు. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీదుగా పాకుతుంది. అదే సమయంలో కార్తీక మాసం వస్తుంది, గుమ్మంలో ప్రమిదలు వెలుగుతుంటాయి. పైగా వానకి కరెంటు పోతే మనం చేసే మొదటి పని కొవ్వొత్తి వెలిగించడం. రంగు మూత తీసి ఉండగా కరెంటు పోతే ముందు మూత బిగించండి, వెలుతురుకి ఫోన్ టార్చి చాలు. ఒకసారికి కావలసినంత రంగు, యాభై మిల్లీలీటర్లకు మించకుండా గాజు గిన్నెలో పోసుకుని సీసా దూరంగా పెట్టేయండి. నీళ్ల బాటిల్‌లోనో, కూల్‌డ్రింక్ బాటిల్‌లోనో పోసి ఉంచడం అనేది ఎప్పటికీ వద్దు. పల్చన చేయడానికి కొనే స్పిరిట్ లేబుల్‌పై మిథనాల్ అని ఉంటే దుకాణంలోనే వదిలేసి రండి. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, చూపు పోగొడుతుంది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో అరవై మందికి పైగా ప్రాణాలు తీసిన సారాలో కలిసింది ఇదే.

చేతులకి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. మాస్కు విషయంలో చాలామంది పొరబడతారు. సర్జికల్ మాస్కు గానీ, ఎన్95 గానీ స్పిరిట్ ఆవిరిని ఆపవు, దానికి యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. పొడి రంగులు కలిపేటప్పుడు మాత్రం ఎన్95 తప్పనిసరి. కొన్నిటిలో క్రోమియం, కోబాల్ట్ సమ్మేళనాలు ఉంటాయి. ఏసీ వేసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి, స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది.

వెనిగర్‌లో స్టీల్ ఊల్ నానబెట్టి నలుపు చేసుకునేవాళ్లకి ఒక్క మాట. అందులోంచి హైడ్రోజన్ పుడుతుంది. మూత బిగిస్తే సీసా పగలవచ్చు, వదులుగా పెట్టి దీపాలకు దూరంగా ఉంచండి.

వానలోనే ఫినిషింగ్ చేయక తప్పకపోతే లాకర్ (త్వరగా ఆవిరయ్యే ద్రావకంతో చేసిన మెరుపు పూత) జోలికి పోకండి. ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి పాలు పోసినట్టు తెల్లబడుతుంది. నీళ్ల ఆధారిత యాక్రిలిక్ అయితే పల్చటి పూతలు వేసి, పూతకీ పూతకీ మధ్య మామూలుకంటే ఎక్కువ సమయం ఇవ్వండి. పూత వేసేముందే పొడి గుడ్డతో మిగులు రంగుని రుద్ది తీయాలి. పూత ఆరాక తడిపిన తెల్ల గుడ్డతో ఇరవైసార్లు రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే, ఆ బెల్టు వానలో తడిసిన రోజున వేసుకున్నవాళ్ల చొక్కాకీ అంటుతుంది.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లు కాకుండా పాత నూలు చీర ముక్కలు చుట్టండి. న్యూస్‌పేపర్ సిరా అంటుతుంది. షెల్ఫుని గోడకి ఆనించకండి. తేమ పీల్చడానికి సిలికా జెల్ కొంటే ఆరెంజ్ రంగుది తీసుకోండి, నీలం గుళికల్లో సాధారణంగా ఒంటికి హాని చేసే కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. బీరువాల్లో పెట్టే తేమ పీల్చే డబ్బాల్లో చాలావరకు కాల్షియం క్లోరైడ్ ఉంటుంది. అడుగున చేరే నీళ్లు ఒలికాయా, తోలు పాడు. బూజు కనిపిస్తే మాస్కు పెట్టుకుని, బాల్కనీలో బ్రష్‌తో దులిపి, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ముందు కనపడని మూల రంగు ఊడుతుందేమో చూసుకోవాలి. వంటనూనె పట్టించి మెరిపించాలన్న ఆలోచన రానివ్వకండి, అది ముక్కిపోతుంది, బూజుకి మేత అవుతుంది.

చెన్నైలో పల్లపు ప్రాంతాలైన వేలచ్చేరి, పల్లికరణై వైపు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లకి 2015, 2023 డిసెంబర్ల వరదలు గుర్తు చేయనక్కర్లేదు. అక్టోబరు మొదట్లోనే రంగు సీసాలు, స్పిరిట్, ఆక్సాలిక్ యాసిడ్ అన్నీ మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బులో సర్ది, నడుం ఎత్తు దాటిన అరలో, పిల్లలకు అందకుండా, ఇన్వర్టర్‌కి దూరంగా పెట్టేయండి. తోలు చుట్టలు అంతకన్నా పైన. మిగిలిపోయిన రంగుని సింకులోనో, వీధి వానకాలువలోనో పారబోయకుండా రంపపు పొట్టుకి పట్టించి, ఆరుబయట ఆరనిచ్చి, ప్రమాదకర చెత్త కింద విడిగా ఇవ్వండి. రంగు తుడిచిన గుడ్డలని కూడా ఉండ చుట్టకుండా పరిచి ఆరబెట్టాకే పారేయాలి.