మాతృమూర్తులను గుర్తుపట్టడం – నాలుగో పాఠం: పీఠం మీద దున్న

గత పాఠం చివర, పీఠం మీద దున్న ఉన్న ఒక మూర్తిని గుర్తుపట్టమని ఇచ్చిన అభ్యాసానికి బరంపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి వచ్చిన జవాబులు చదివిన తరువాత, ఈసారి చెప్పవలసిన చాముండను వాయిదా వేస్తున్నాను. పీఠం మీద దున్న కనబడగానే చాలామంది మహిషాసురమర్దిని అని రాశారు. ఆ మూర్తి వారాహి, అంటే వరాహమూర్తి శక్తి; దేవతల శక్తులైన మాతృమూర్తులలో (మాతృకలలో) ఒకరు.

ఏ దేవుడికి ఏ రూపం, భూషణం, వాహనం ఉన్నాయో ఆయన శక్తి కూడా వాటితోనే యుద్ధానికి వచ్చిందని దేవీమాహాత్మ్యం ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. హంసను బట్టి బ్రాహ్మిని, నెమలిని బట్టి కౌమారిని, ఏనుగును బట్టి ఇంద్రాణిని పోల్చుకోవడానికి ఆ సూత్రం చాలు. వరాహమూర్తికి విడిగా వాహనం లేదు కాబట్టి వారాహి దగ్గర అది ఆగిపోతుంది. ఒడిశా శిల్పంలో ఆమెకు దున్న వాహనమైంది.

కనుక దున్న కనబడితే, అది ఏ స్థితిలో ఉందో ముందు చూడండి. మర్దిని పాదాల దగ్గరి దున్న శత్రువు: శూలం దిగి ఉంటుంది, లేదా తల తెగి ఉంటుంది, లేదా సగం మనిషిగా మారి ఉంటుంది. భువనేశ్వర్‌లో 8వ శతాబ్దపు వైతాళ దేవళం వెలుపలి గోడ మీద ఎనిమిది చేతుల దేవి అణచివేస్తున్న అసురుడికి మనిషి దేహం, దున్న తల ఉన్నాయి. వారాహి దున్న మీద గాయం ఉండదు, ఆయుధం దానివైపు తిరగదు. పూరీ జిల్లా చౌరాశిలో వరాహముఖంతో, నిండు ఉదరంతో కూర్చున్న అమ్మ ఒక చేత చేప, మరో చేత కపాలపాత్ర పట్టుకుని ఉంటుంది. ఆ రెండింటినీ చూసినవారు మర్దిని అని రాయరు. నిత్యపూజ జరిగే గుళ్లలో పసుపు, చీర, వెండి కవచం ముఖాన్ని కప్పేస్తాయి. అప్పుడు ఊహతో పేరు పెట్టకుండా, అభిషేక సమయం ఎప్పుడో పూజారిగారిని అడిగి ఆ వేళకు వెళ్లండి.

వరుసగా చెక్కిన మాతృకలలో నేను గణపతి వైపు నుంచి మొదలుపెడతాను. సాధారణంగా ఆయన పక్కన ఎముకలు తేలిన చాముండ, తరువాత ఇంద్రాణి, మూడోది వారాహి. రెండో కొసన ఉండే వీరభద్రుణ్ణి మాతృకగా లెక్కపెట్టకండి.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న పాత శివాలయంలో, పర్లాకిమిడి వారైతే ముఖలింగంలో, కనబడిన ప్రతి దేవీమూర్తినీ ఫోటో తీయకుండా పెన్సిలుతో గీయండి. ముఖం, చేతులు, వాహనం ఈ వరుసలోనే గుర్తించి, మూడూ సరిపోలిన మూర్తికే పేరు రాయండి.