ప్లేఆఫ్స్ సిరీస్‌ను అంచనా వేసేటప్పుడు సీడుకూ సొంత కోర్టుకూ ఎంత విలువ ఇవ్వాలి

అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదిన్నరకు మొదలయ్యే, అక్కడి వృత్తి బాస్కెట్‌బాల్ లీగు అయిన ఎన్‌బీఏ ఫైనల్స్ ఆట మనకు ఉదయం ఆరు గంటలకు వస్తుంది. నెల్లూరులో బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రవాళ్లు ఆట చూసి, వీఆర్సీ సెంటరులో టీ తాగుతూ వాదించుకునేటప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఒకటో సీడు గదబ్బయా, హోమ్ కోర్టు గూడా వాళ్లదే, ఇంకేముండాది?" సీడు అంటే లీగు దశలో గెలుపులను బట్టి దక్కే స్థానం, హోమ్ కోర్టు అంటే సిరీస్‌లో ఒక ఆట ఎక్కువగా సొంత ఊళ్లో ఆడే వీలు. నిజానికి అవి రెండు వేర్వేరు బలాలు. ఒకదానితో ఒకటి కలిపేయకుండా తూచడం నేర్చుకుంటే అంచనా చాలావరకు కుదురుతుంది.

ముందుగా పోటీ కట్టుబాటు తెలిసి ఉండాలి. లీగులో తూర్పు, పడమర అని రెండు కాన్ఫరెన్సులు (విభాగాలు), ఒక్కోదానిలో 15 జట్లుంటాయి, ఒక్కో జట్టు 82 ఆటలు ఆడుతుంది. మొదటి ఆరు జట్లు నేరుగా, నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి, ఏడు నుంచి పది వరకు ఉన్నవి ప్లే-ఇన్ అనే అర్హత ఆటలు ఆడి మిగిలిన రెండు స్థానాలు తేల్చుకుంటాయి. తొలి రౌండులో ఒకటో సీడు ఎనిమిదితోను, రెండు ఏడుతోను, మూడు ఆరుతోను, నాలుగు ఐదుతోను తలపడతాయి. నాలుగు ఆటలు ముందుగా గెలిచినవారిదే సిరీస్. అందులో 1, 2, 5, 7 ఆటలు మెరుగైన సీడు ఉన్న జట్టు ఊళ్లో, 3, 4, 6 ఆటలు ఎదుటివారి ఊళ్లో జరుగుతాయి. ఫైనల్స్‌లో రెండు కాన్ఫరెన్సుల విజేతలు తలపడతాయి; అక్కడ సీడు సంఖ్యను చూడరు, 82 ఆటల్లో ఎక్కువ గెలిచినవారికే హోమ్ కోర్టు దక్కుతుంది.

ఇప్పుడు కాగితం తీసుకోండి. మొదటి ఆరు ఆటలు చెరి మూడుగా పంచబడ్డాయి కనుక, సమఉజ్జీల మధ్య సొంత కోర్టు తేడా చూపేది ఏడో ఆట జరిగినప్పుడు మాత్రమే. రెండు జట్లూ సరిసమానమైనవనీ, ఏ ఆటలోనైనా సొంత ఊరి జట్టుకు నూటికి 60 పాళ్లు గెలుపు అవకాశం ఉందనీ అనుకుందాం. ఆరు ఆటల తర్వాత స్కోరు 3-3గా నిలిచే అవకాశం సుమారు 32 శాతం. ఆ ఏడో ఆటలో అదనంగా కలిసొచ్చేది 10 శాతం. రెండూ గుణిస్తే మూడు శాతం పైచిలుకు వస్తుంది. అంటే మొత్తం సిరీస్ గెలిచే అవకాశం 50 నుంచి 53కు పెరుగుతుంది, అంతే. టీ కొట్టు దగ్గర దానికిచ్చే విలువతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

బలం సంగతి వేరు. ఎవరి ఊరూ కాని చోట ఆడినా నూటికి 55 సార్లు గెలవగల జట్టును తీసుకుని ఇదే లెక్క వేస్తే, హోమ్ కోర్టు ఉన్నప్పుడు సిరీస్ అవకాశం 64కు చేరుతుంది, లేనప్పుడు 58 దగ్గర ఆగుతుంది. ఆటకు ఐదు పాళ్ల ఆధిక్యం ఏడు ఆటల్లో పోగుపడుతుంది గనుక, కాస్త మెరుగైన జట్టు హోమ్ కోర్టు లేకపోయినా ముందంజలోనే ఉంటుంది. కాబట్టి సీడు చూసి తెలుసుకోవలసింది కోర్టు ఎవరిదని కాదు, ఆ సీడు నేటి బలాన్ని సరిగ్గా చెబుతోందా అని.

చాలాసార్లు చెప్పదు. 1995లో హ్యూస్టన్ రాకెట్స్ ఆరో సీడుగా వచ్చి ఛాంపియన్ అయింది. అంతకన్నా కింది సీడు ఇంతవరకూ గెలవలేదు. అయితే ఆ సీజను మధ్యలో స్టార్ ఆటగాడు క్లైడ్ డ్రెక్స్‌లర్ వచ్చి చేరాడని గుర్తుంచుకుంటే, 82 ఆటల లెక్క ఆ జట్టును తక్కువ చేసి చూపిందని అర్థమవుతుంది. ఎనిమిదో సీడు ఒకటో సీడును ఓడించిన సందర్భాలు 1994, 1999, 2007, 2011, 2012, 2023 సంవత్సరాల్లో కనబడతాయి. వాటిలో మొదటి రెండూ ఐదు ఆటల సిరీసులు. సిరీస్ పొట్టిదైతే అదృష్టానికి చోటెక్కువ. 2012లో ఓడిన షికాగో ప్రధాన ఆటగాడు డెరిక్ రోజ్, 2023లో ఓడిన మిల్వాకీ ప్రధాన ఆటగాడు యానిస్ మొదటి ఆటలోనే గాయపడ్డారు. 67 ఆటలు గెలిచిన డల్లాస్‌ను 2007లో గోల్డెన్ స్టేట్ ఓడించడం మాత్రం నిజంగా ఆశ్చర్యపడవలసిన ఫలితం. అందుచేత సీడుకన్నా ముందు గాయాల జాబితానూ, చివరి నెలలో ఎవరెవరు కలిసి ఆడారన్నదీ చూడండి.

ఏడో ఆటను ఎక్కువగా సొంత ఊరి జట్లే గెలుస్తాయన్న మాట వినగానే లొంగిపోవద్దు. ఆ ఆట తన ఊళ్లో పెట్టుకునే హక్కు మెరుగైన జట్టుకే ఉంటుంది కనుక, ఆ గెలుపుల్లో కోర్టు వాటా ఎంత, ఆట వాటా ఎంత అన్నది అంకె ఒక్కటే చెప్పదు. 2016లో 73 ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్‌ను వాళ్ల ఓక్లండ్‌లోనే ఏడో ఆటలో క్లీవ్‌లాండ్ ఓడించింది. 2019 ఫైనల్స్‌లో ఆరు ఆటలు జరిగితే సొంత జట్టు గెలిచింది ఒక్కటే. జనం కేకలు, రెఫరీల మీద ఒత్తిడి, ప్రయాణ బడలిక పనిచేస్తాయి. కానీ ప్లేఆఫ్స్‌లో వరుస రోజుల్లో ఆటలు సాధారణంగా ఉండవు, ఊరు మారినప్పుడు రెండు జట్లూ మారతాయి, కనుక బడలిక పాలు తగ్గుతుంది. డెన్వర్‌కు మాత్రం కాస్త అదనంగా వేయవచ్చు: ఆ ఊరు 5,280 అడుగుల ఎత్తున ఉంది, సముద్రానికి దగ్గరగా పల్లంలో ఉన్న మన నెల్లూరు నుంచి వెళ్లినవాడు అక్కడ రెండు మెట్లెక్కితే ఆయాసపడతాడు.

సిరీస్ మొదలయ్యాక అంచనాను ఆటాటకూ సవరించుకోవాలి. మొదటి రెండు ఆటలు 1-1 అయితే మిగిలిన ఐదింటిలో మూడు కింది సీడు ఊళ్లోనే జరుగుతాయి. హోమ్ కోర్టు చేతులు మారిందనడం అక్కడ సబబే. 2025 ఫైనల్స్‌లో 68 ఆటలు గెలిచిన ఓక్లహోమా సిటీ మీద ఇండియానా మొదటి ఆటను ఎదుటివారి ఊళ్లోనే గెలిచి ఆ పని చేసింది. చివరికి సిరీస్ ఏడో ఆట దాకా పోయి, అది ఓక్లహోమా సిటీలో జరిగి, సొంత జట్టే 103-91తో గెలిచింది. ఆ గెలుపును హోమ్ కోర్టు ఖాతాలో రాసేవారు ఉన్నారు గానీ, తొలి క్వార్టరులోనే ఇండియానా ప్రధాన ఆటగాడు హాలిబర్టన్ గాయపడి బయటికి వెళ్లిపోయాడు. నేనైతే ఎక్కువ వాటా ఆ గాయానికే వేస్తాను.