హమ్ము పోతుందని ఎర్తు పీకొద్దు: ఇంటి సామాన్లతో లైవ్ డబ్ చేసేవాళ్లకు జాగ్రత్తలు

చవితి పందిళ్లకు ఇంకా గుంజలు కూడా పాతలేదు, అప్పుడే ఒంగోలు నుంచి కబురొచ్చింది. నలుగురు కుర్రాళ్లు మేడ మీద డబ్ సెట్ ప్రాక్టీస్ చేసుకుంటున్నారు. డబ్ అంటే నడుస్తున్న పాటలోంచి గొంతును, వాయిద్యాలను తీసేస్తూ, వేస్తూ, ఎకో కలుపుతూ మిక్సర్ మీద వాయించే సంగీతం. ఒకడు ఎడమ చెయ్యి మిక్సర్ మీద ఉంచి కుడి చేత్తో మైకు అందుకున్నాడు. అందుకున్న మైకు వదల్లేకపోయాడు. పక్కవాడికి పరిగెత్తి మెయిన్ ఆఫ్ చెయ్యాలని తట్టబట్టి, అరచేతిలో కాలిన మచ్చలతో బయటపడ్డాడు. తర్వాత మిక్సర్ ప్లగ్గు చూస్తే మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, లేదు. కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించేశారు. ఎందుకురా అంటే, "హమ్ము వస్తా ఉందన్నా, అది తీసేస్తే పోయింది" అన్నారు. హమ్ము అంటే స్పీకర్లలో ఆగకుండా గుయ్యిమనే మోత.

పోయిన మాట నిజమే. ఎర్తు తీస్తే హమ్ము పోతుంది. పనిచేస్తుంది కాబట్టే ఇంతమంది ఆ పని చేస్తున్నారు. తడి చేతులతో స్విచ్చు ముట్టుకోవద్దు, అతుకుల వైర్లు వాడొద్దు లాంటివి అందరికీ తెలుసు, అవి రాయను. ఈ ఒక్క తప్పు గురించే రాస్తాను, విసుగు పుట్టినా మళ్లీ మళ్లీ రాస్తాను.

డబ్ వాళ్లకే ఈ బుద్ధి ఎందుకు ఎక్కువ పుడుతుందంటే, మామూలు మైకు సెట్టులో కొంచెం హమ్ము ఉన్నా పాట మొదలవగానే అడుగున పడిపోతుంది. డబ్‌లో పాటను మనమే తీసేస్తాం. గొంతు కట్, డప్పు కట్, బేస్ ఒక్కటే నడుస్తుంది. ఒక్కోసారి అదీ ఆపేసి ఎకో తోకను మాత్రం వదులుతాం. ఆ ఖాళీలో హమ్ము బట్టబయలవుతుంది. పైగా ఎకో రిటర్న్‌ను, అంటే ఎకో పెడల్ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని, ఒక ఛానెల్లోకి తెచ్చి, ఆ ఛానెల్ ఆక్స్ నాబ్ (శబ్దాన్ని పక్కదారిలో పంపే నాబ్) తిప్పి మళ్లీ ఎకోలోకే పంపడం మన ఆట. మాటతోపాటు హమ్మూ చుట్టు తిరుగుతుంది, తిరిగినకొద్దీ బలుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. హమ్ము 50 దగ్గర, 100 దగ్గర కూర్చుంటుంది. బేస్ లైను ఉండేదీ అక్కడే. నాలుగు చుట్లకు బేస్ అంతా బురద. ప్రోగ్రాం ఇంకో గంటలో ఉంటుంది, జనం కుర్చీలు లాక్కుంటుంటారు, అన్నీ తెలిసినట్టుండే అన్న ఒకాయన వచ్చి "ఎర్తు పీకెయ్ రా, ఏం కాదు" అంటాడు.

పీకొద్దు.

అసలు లోపల జరిగేది ఏమిటంటే, ల్యాప్‌టాప్ ఒక గోడ సాకెట్లో, మిక్సర్ ఇంకో బోర్డులో, స్పీకర్లు మూడో చోట పెడతాం. ఒక్కోదానికి ఒక్కో ఎర్తు దారి. ఆడియో కేబుల్ షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే సన్న తీగల అల్లిక) వీటన్నిటినీ కలిపి ఒక చుట్టు కడుతుంది, ఆ చుట్టులో పారే చిన్న కరెంటే మనకు గుయ్యిమని వినపడేది. పిన్ను కోస్తే చుట్టు తెగుతుంది. ఇక మీ మిక్సర్‌కు ఎర్తు అందేది ఆడియో కేబుల్లోని జుట్టంత సన్నటి షీల్డు తీగల మీదుగా మాత్రమే. నెలల తరబడి ఏమీ కాదు. ఒకరోజు లోపల ఇన్సులేషన్ పోయి ఫేజు బాడీకి తగులుతుంది. ఎర్తు సరిగ్గా ఉంటే ఫ్యూజో, ఎంసీబీనో అప్పుడే ఎగిరిపోయేది. ఇక్కడ ఆ సన్న తీగ కాలిపోవచ్చు, లేదా జాక్ మార్చడానికి మీరే ఆ కేబుల్ పీకుతారు. ఇక మిక్సర్ రేకు మీద 230 వోల్టులు నిలబడి ఉంటాయి. లైట్లు మామూలుగానే వెలుగుతుంటాయి, అనుమానం రాదు. రెండో చేత్తో వేరే పెట్టెకు తగిలించిన ఇనప మైకు పట్టుకుంటారు. కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లే దారిలోనే గుండె ఉంది.

త్రీ పిన్ ప్లగ్గును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైన ఉన్న పిన్ను మిగతా రెంటికన్నా లావు, పొడుగు. పెట్టేటప్పుడు అదే ముందు తగలాలి, పీకేటప్పుడు అదే చివర్న వదలాలి. అందుకని దానికి ఆ పొడుగిచ్చారు.

తయారీలోనే టూ పిన్‌తో వచ్చిన చిన్న అడాప్టర్లు వేరు. వాటి మీద చదరం లోపల చదరం గుర్తు ఉంటుంది, రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం. మీరు కోసి టూ పిన్ చేసినదానికి ఆ గుర్తు రాదు.

డబ్‌కు దారి వేసిన కింగ్ టబ్బీ జమైకా కింగ్‌స్టన్‌లో రేడియోలు, కరెంటు సామాన్లు బాగుచేసుకునే మనిషి. 1970లలో తన ఇంట్లోనే, ఓ పెద్ద స్టూడియో వాళ్లు వద్దనుకున్న పాత మిక్సర్ కొనుక్కుని దాని మీద చేసిన పనినే ఇవాళ్టికీ అందరం కాపీ కొడుతున్నాం. కాబట్టి సామాను తక్కువని ఎవరూ దిగులుపడక్కర్లేదు. డప్పు, బేస్, హార్మోనియం, గొంతు, నాలుగూ నాలుగు ఛానెళ్లు. ఒక ఎకో పెడల్. అంతకు మించి అవసరం లేదు. ఆయనకు వచ్చి మనకు రానిది కరెంటు పని.

హమ్ము పోగొట్టే తీరు

ముందు అన్నిటినీ ఒకే సాకెట్ నుంచి వచ్చే ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తెండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తర్వాత ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. హమ్ము ఆగితే దొంగ దొరికినట్టే, ఫుల్ చార్జ్ పెట్టుకుని సెట్ మొత్తం బ్యాటరీ మీద వాయించండి. సౌండ్ కార్డు నుంచి మిక్సర్‌కు బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుళ్లు (జాక్ మీద రెండు నల్ల గీతలుండేవి) వేయండి. అప్పటికీ ఉంటే డీఐ బాక్స్ (ఆడియో కేబుల్ మధ్యలో పెట్టే చిన్న పెట్టె) కొనుక్కుని దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు నొక్కండి. ఇక్కడ చాలామంది పొరబడతారు: ఆ స్విచ్చు తెంపేది ఆడియో షీల్డును, కరెంటు ఎర్తును కాదు. ఆ స్విచ్చు ఎన్నిసార్లు నొక్కినా ప్రాణానికేం కాదు. ప్లగ్గు పిన్ను జోలికి మాత్రం పోవద్దు.

కరెంటు వైర్లను, ఆడియో వైర్లను కలిపి కట్ట కట్టొద్దు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ఎకో రిటర్న్ ఛానెల్లో లో కట్ (కింది స్వరాలను కోసేసే స్విచ్చు) నొక్కి ఉంచండి, బేస్‌ను ఎకోలోకి పంపడం మానుకోండి. కింది స్వరాలను కోసి పై స్వరాలనే వదిలే హైపాస్ ఫిల్టర్ సౌండ్, టబ్బీ సంతకం లాంటిది, ఉంది కదా, ఎకోను సన్నగా చేస్తే మీకూ అది కొంత వస్తుంది, హమ్మూ చుట్టు తిరగదు.

సాకెట్ సంగతి

మూడు రంధ్రాలుంటే ఎర్తు ఉన్నట్టు కాదు. మన ఊళ్లలో పాత మిద్దెల్లో పై రంధ్రం వెనక తీగే ఉండదు, ఉన్నా ఎర్తు గుంటలో నీళ్లు పోసి ఏళ్లయి ఉంటుంది. టెస్టర్ ఫేజును మాత్రమే చూపిస్తుంది, ఎర్తును చూపించదు. కరెంటు పని తెలిసినవాణ్ణి పిలిచి మల్టీమీటర్ పెట్టించండి: ఫేజుకు ఎర్తుకు మధ్య ఇంచుమించు 230 రావాలి, న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. త్రీ పిన్ చార్జర్ పెట్టి ల్యాప్‌టాప్ రేకు మీద వేలు రాస్తే జివ్వుమంటోందా? ఎర్తు అందట్లేదేమోనని అనుమానించండి.

మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి. ఎకో పెడల్ కంటే ముందు కొనాల్సింది అదే. అది ఉంది కదా అని పిన్ను కొయ్యొద్దు.

ఇక పందిట్లోకి, బీచ్‌లోకి వెళ్లేవాళ్లు వరసగా వినండి. మైపాడు, కొత్తపట్నం ఇసుక మీద సెట్ పెడుతున్నారా, బోర్డులు నేల మీద పడెయ్యకుండా బల్ల మీద పెట్టండి. మన ఒంగోలు, నెల్లూరు తీరానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చవితికి ఆరిన నేల మీద నడిచిన సెట్టు కార్తీకమాసంలో తడి నేల మీద అలాగే నడుస్తుందని అనుకోవద్దు.

చినుకు పడితే ముందు మెయిన్ ఆఫ్. పరదా తర్వాత కప్పుకోవచ్చు.

జనరేటర్ తెస్తే ఎర్తు రాడ్ పాతించండి. దాని న్యూట్రల్‌ను ఎర్తుతో కలపకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా పడకపోవచ్చు. ఇది మీరు చేసే పని కాదు, తెలిసినవాడితోనే చేయించండి.

సీరియల్ లైట్లు, ఫ్యాన్లు మీ బోర్డులో పెట్టనివ్వొద్దు.

ఇంటి ఇన్వర్టర్ మీద హమ్ము పరీక్ష చెయ్యొద్దు. చవక ఇన్వర్టర్ల కరెంటు సవ్యంగా ఉండదు, అదే బుయ్యిమంటుంది. లేని రోగం వెతికి చివరికి ఎర్తు మీద పడతారు.

ఆన్ చేసేటప్పుడు స్పీకర్లు చివర్న, ఆపేటప్పుడు స్పీకర్లు ముందు.

కరెంటు పోతే స్పీకర్ల స్విచ్చులు ఆపండి, వచ్చాక ఒక్కొక్కటీ వేయండి.

ఎకోను తనలోకే తెరిచినప్పుడు ఒక వేలు రిటర్న్ ఫేడర్ మీదే ఉండాలి. మాస్టర్ మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) ఉండాలి. హెడ్‌ఫోన్స్ చెవులకు ఉండకూడదు. 100 డెసిబెల్స్ దగ్గర చెవులకు పావుగంటే గడువు.

రాత్రి 10 దాటితే అనుమతి లేకుండా లౌడ్‌స్పీకర్ వద్దు.

గొంతు పాడేవాడి మైకు, మీ మిక్సర్ ఒకే బోర్డు మీద ఉండాలి. వేరే ఫేజు మీదున్న మైకు సెట్టుతో కలపాల్సి వస్తే ఆడియో కేబుల్ మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి.

త్రీ పిన్‌ను టూ పిన్ చేసే కన్వర్టర్లు సంచిలో ఉంచుకోవద్దు. సంచిలో ఉంటే ఆఖరి నిమిషంలో చెయ్యి దాని మీదికే పోతుంది.

ఎవరినైనా కరెంటు పట్టుకుంటే ఆ మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ ఆపండి. మెయిన్ దూరంగా ఉంటే పొడి కర్రతో వైరు తప్పించండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి ఇంకొకరితో 108కి ఫోన్ చేయించండి. కాసేపటికి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి, గుండె లయ తర్వాత కూడా తప్పొచ్చు.

మెయిన్ ఎక్కడుందో సెట్ మొదలుపెట్టేముందే నలుగురికీ చూపించండి.

మైకు సెట్టు అద్దెకు తెచ్చే అన్న బోర్డు విప్పించి, మూడో రంధ్రం వెనక తీగ ఉందో లేదో చూడండి. "ఇన్నేళ్ల నుంచి ఇట్టానే నడుపుతున్నా, ఏమైంది?" అని ఆయన అంటాడు. తీగ లేకపోతే ఆ బోర్డులో ఏదీ పెట్టొద్దు. వేరే బోర్డు దొరక్కపోతే ఆ రాత్రి సెట్ లేదని కమిటీవాళ్లకు చెప్పేసి సామాను సర్దుకోండి.