మండువా ఇల్లు కొనేముందు

మండువా ఇల్లు, అంటే నడుమ పైకప్పు లేని మండువా, దాని చుట్టూ గదులు ఉండే పాత పెంకుటిల్లు కొనాలనుకుంటే కార్తీకంలో, వాన పడుతుండగా వెళ్లి చూడండి. మన నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. వేసవిలో సున్నం కొట్టి ముస్తాబు చేసిన గోడ ఎక్కడ ఉబ్బుతుందో, ఏ వాసం వెంట నీళ్లు దిగుతాయో అప్పుడే బయటపడుతుంది.

ముందు దూలాల చివర్లు చూడండి. దూలం నడుమ ఎంత గట్టిగా ఉన్నా గోడలోకి దిగే చోట చెమ్మ పట్టి పుచ్చుతుంది. నిచ్చెన వేసుకుని, గోడ అంచున స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. పాత టేకైతే మొన దిగదు. అర అంగుళం దిగిందంటే ఆ చివర పోయినట్టే. తాటి దూలంతో ఇంకా జాగ్రత్త. దాని పైపొర గట్టిది, లోపలి గుజ్జు మెత్తన. చెద గుజ్జు తినేసి పైపొర వదిలేస్తుంది కాబట్టి చూపుకి నిక్షేపంగా ఉంటుంది. సుత్తితో తట్టుకుంటూ పోండి, డొల్ల మోత వస్తే ఆ దూలం మార్చాల్సిందే.

పెంకులు పగిలితే పెద్ద ఖర్చు కాదు. అసలు పని పెట్టేది మండువా నాలుగు మూలలు, అంటే రెండు వాలులు కలిసే చోట్లు. కప్పు మీద నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. ఆ మూలల్లో పరిచిన రేకు తుప్పు పడితే కింద మూల వాసం పుచ్చుతుంది. మండువాలో పది బిందెల నీళ్లు పోయించి, తూము ఎంతసేపట్లో లాగుతోందో, బయట ఎక్కడ తేలుతోందో కూడా చూడండి. వీధి రోడ్డు ఎత్తు పెరిగిన ఊళ్లలో తూము పల్లమై, నీళ్లు ఎదురు తన్నుతాయి.

సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత ఉంటే బేరంలో ఆ పూత మార్పించే ఖర్చు తగ్గించి అడగండి. నేల నుంచి ఎక్కే చెమ్మను సున్నం బయటికి వదులుతుంది, సిమెంటు ఆపేస్తుంది. ఆగిన చెమ్మలోని ఉప్పు లోపలే గట్టిపడి, ఇటుక ముఖంతో సహా పూతను ఊడగొడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. సిమెంటు చెక్కించి, గోడ బాగా ఆరాక, ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో మళ్లీ పూయించాలి. సున్నం కనీసం రెండు వారాలు నానాలి. తొందరపడితే నానని పలుకులు తర్వాత పూతలో ఉబ్బి పొక్కులు లేస్తాయి.

ఇక కాగితాలు. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. కనిగిరి, దర్శి, పొదిలి 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోవి, మార్కాపురం కర్నూలుది. పాత దస్తావేజులో జిల్లా పేరు వేరుగా ఉంటే కంగారుపడొద్దు, హద్దులు సరిపోతున్నాయా చూసుకోండి. కొలతలు అంకణాల్లో ఉంటే నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. టేపు పట్టి మీరే కొలవండి.

ఇలాంటి ఇళ్ల బేరాలు ఎక్కువగా చెడేది సంతకాల దగ్గరే. తాతల నాటి ఇంట్లో ఆడపిల్లలకూ వాటా ఉంటుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పెళ్లయినవాళ్లకూ మగపిల్లలతో సమానంగా హక్కు వచ్చింది. పెద్దబ్బాయి ఒక్కడే వచ్చి అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి. వంశవృక్షం రాయించుకుని, పాత పంపకాల కాగితాలతో సహా లాయరుకు చూపించి, ఎవరెవరు సంతకం చేయాలో ముందే తేల్చుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లుంటే వాళ్ల పవర్ ఆఫ్ అటార్నీ చేతికొచ్చాకే డబ్బు.

అగ్రిమెంటులో గుమ్మాలు, తలుపులు, స్తంభాలు, ఉయ్యాల బల్ల, భోషాణం ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఫొటోలతో రాయించండి. పాత కలప కొనేవాళ్లు ఊళ్లలో తిరుగుతూనే ఉంటారు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే ఆ జాబితా పట్టుకుని ఇల్లంతా మరోసారి చూసి, అన్నీ ఉంటేనే ఆఫీసుకు బయల్దేరండి.