అమెరికా వాతావరణ వివాదంలో శాస్త్రాన్నీ రాజకీయాన్నీ విడదీసి చదవడం ఎలా

2015 జనవరి 21న అమెరికా సెనేట్‌లో వాతావరణ మార్పు మీద ఒకే రోజు మూడుసార్లు ఓటింగు జరిగింది. కీస్టోన్ ముడి చమురు పైప్‌లైన్ బిల్లుకు సవరణల రూపంలో ఆ మూడు అంశాలూ సభ ముందుకు వచ్చాయి. వాతావరణ మార్పు వాస్తవమే, బూటకం కాదు అన్న సవరణకు 98 మంది అనుకూలంగా, ఒక్కరే వ్యతిరేకంగా ఓటు వేశారు. అందులో మనుషుల పాత్ర ఉందన్న సవరణకు 59 ఓట్లు వచ్చాయి. నెగ్గాలంటే 60 కావాలి. ఆ పాత్ర ‘గణనీయం’ అన్న సవరణ దగ్గరికి వచ్చేసరికి 50 మందే మిగిలారు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఓటు వేయడం ఎలాగో ఆ సభ్యులకు బాగా తెలుసు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువుల సందేశాల ద్వారా, అక్కడి ఎన్నికల వార్తల ద్వారా ఈ తగాదా తెలుగు ఇళ్లలోకి కూడా వస్తుంది. వచ్చేసరికి అది ‘నమ్ముతావా, నమ్మవా’ అన్న ఒక్క ప్రశ్నగా కుంచించుకుపోయి ఉంటుంది. నిజానికి అందులో అయిదు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి: భూమి వేడెక్కుతోందా, అందుకు కారణం ఎవరు, ఇక ముందు ఎంత వేడెక్కుతుంది, దానికి ఏం చేయాలి, ఆ పని చేసే అధికారం ఎవరికి ఉంది. ఏ ప్రకటన కనిపించినా, దాన్ని ఒప్పుకోవడానికో కొట్టిపారేయడానికో ముందు, అది ఈ అయిదింటిలో దేనికి జవాబో రాసుకోవాలి. మొదటి మూడూ శాస్త్రం తేల్చవలసినవి, నాలుగోది విలువలూ ఖర్చులూ కలిసిన రాజకీయ నిర్ణయం, అయిదోది చట్టానికి సంబంధించినది. నాలుగో, అయిదో ప్రశ్నల మీద ఉన్న అభ్యంతరం మొదటి మూడింటి వేషం కట్టుకుని రావడం ఈ వివాదంలో తరచుగా కనిపిస్తుంది.

మొదటి రెండు ప్రశ్నల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో ప్రతి పది లక్షల అణువులకు దాదాపు 315గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అది బొగ్గు, చమురు, సహజవాయువు నుంచే వచ్చిందని ఆ కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఒకే మూలకపు రకాల) నిష్పత్తే చెబుతుంది. వేడికి సూర్యుడే కారణమని ఎవరైనా అంటే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: సూర్యుడే కారణమైతే గాలి పొరలన్నీ వేడెక్కాలి కదా, మరి కింది పొర వేడెక్కుతుండగా పైనున్న స్ట్రాటోస్ఫియర్ ఎందుకు చల్లబడింది? ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2021లో మానవ ప్రభావం నిస్సందేహమని రాసింది. 19వ శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 2010–2019 నాటికి మనుషుల వల్ల పెరిగిన వేడి సుమారు 1.07 డిగ్రీల సెల్సియస్ అని లెక్క కట్టింది. ఈ రెండు ప్రశ్నల మీద రెండు పక్షాలకూ సమాన ఆసనం వేయడం నిష్పాక్షికత అనిపించుకోదని నా అభిప్రాయం.

మూడో ప్రశ్న వేరు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందన్న దానికి ఐపీసీసీ ఒకే అంకె ఇవ్వలేదు, 2.5 నుంచి 4 డిగ్రీల మధ్య ఉండవచ్చనీ, 3 డిగ్రీలు ఉత్తమ అంచనా అనీ చెప్పింది. ‘శాస్త్రవేత్తలకే ఖచ్చితంగా తెలియదు, కాబట్టి ఏమీ చేయనక్కరలేదు’ అనేవారు ఈ అనిశ్చితి కింది కొసను మాత్రమే చూపిస్తారు. పై కొసను మాత్రమే చూపించేవారు అవతలి పక్షంలో ఉంటారు. వేడిమిని 1.5 డిగ్రీలకు పరిమితం చేయాలంటే 2030 నాటికి ఉద్గారాలు 2010 స్థాయి నుంచి దాదాపు 45 శాతం తగ్గాలని ఐపీసీసీ 2018 నివేదిక చెబితే, అది కొందరు డెమొక్రాట్ల ప్రసంగాల్లో ప్రపంచానికి పన్నెండేళ్లే మిగిలాయన్న మాటగా మారిపోయింది. నివేదికలో అటువంటి గడువు లేదు. ప్రతి తుపానునూ భూతాపం ఖాతాలో వేయడమూ అంతే: తుపానుల వానలు పెరగడం గురించి ఆధారాలు గట్టిగా ఉన్నాయి గాని, ప్రపంచవ్యాప్తంగా వాటి సంఖ్య దీర్ఘకాలంలో పెరిగిందని చెప్పే ఆధారాలు అంత గట్టివి కావు.

అంకె ఏదైనా కనిపిస్తే దాని మొదలు ఎక్కడుందో చూడాలి. ‘1998 తరువాత భూమి వేడెక్కడం ఆగిపోయింది’ అన్న వాదన చాలాకాలం నడిచింది. 1998 బలమైన ఎల్ నినో వచ్చిన సంవత్సరం. అసాధారణంగా వేడిగా ఉన్న ఏడాది నుంచి గీత గీస్తే ఆ గీత చదునుగానే కనిపిస్తుంది. మొదలు ఒక ఏడాది ముందుకో వెనక్కో జరిపి చూస్తే సంగతి బయటపడుతుంది. ‘97 శాతం శాస్త్రవేత్తలు’ అన్న అంకెనూ ఇలాగే విప్పాలి. 2013లో వెలువడిన ఆ అధ్యయనం సుమారు 12 వేల పరిశోధన వ్యాసాల సారాంశాలను చూసింది. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు కారణం గురించి ఏమీ చెప్పలేదు. చెప్పినవాటిలో 97 శాతం మనుషులే కారణమన్నాయి. భౌతికశాస్త్ర వ్యాసాల్లో గురుత్వాకర్షణ ఉందని ప్రతిసారీ ఎవరూ రాయరు కాబట్టి ఆ మౌనం ఆశ్చర్యం కాదు. అయినా అంకె దేని మీద లెక్కించారో తెలియకుండా దాన్ని వాడితే, తెలిసినవాడు ఒక్క ప్రశ్నతో మన నోరు మూయించగలడు.

నాలుగో ప్రశ్నకు వచ్చినప్పుడు తప్పకుండా చూడవలసిన అంకె ఒకటుంది. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలితే సమాజానికి ఎన్ని డాలర్ల నష్టమో 2025 దాకా అమెరికా ప్రభుత్వం లెక్క కట్టేది. కార్ల మైలేజీ నుంచి విద్యుత్ కేంద్రాల పొగ దాకా నిబంధనల లాభనష్టాలను తూచడానికి ఆ అంకె పనికివచ్చేది. ఒబామా ప్రభుత్వంలో అది 40 డాలర్ల చుట్టుపక్కల ఉండేది. ట్రంప్ మొదటి పాలనలో 1 నుంచి 7 డాలర్లకు పడిపోయింది. బైడెన్ 2021లో దాన్ని 51కి తెచ్చారు. 2023లో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 190 అంది. గాలిలో కార్బన్ ప్రవర్తన ఎన్నికలతో పాటు మారదు కదా, మరి అంకె ఎందుకు ఇలా గంతులు వేసింది? కొంత కొత్త పరిశోధన వల్ల. ఎక్కువ భాగం రెండు నిర్ణయాల వల్ల. ట్రంప్ అధికారులు అమెరికా లోపల జరిగే నష్టాన్నే లెక్కలోకి తీసుకున్నారు. రెండోది డిస్కౌంట్ రేటు, అంటే చక్రవడ్డీని వెనక్కి తిప్పి భవిష్యత్తు నష్టాన్ని ఈనాటి విలువలోకి మార్చే లెక్క. వందేళ్ల తరువాత జరగబోయే 100 డాలర్ల నష్టం ఏటా 2 శాతం చొప్పున తగ్గిస్తే ఈనాడు దాదాపు 14 డాలర్లు, 3 శాతానికి 5 డాలర్లు, 7 శాతానికి కేవలం 12 సెంట్లు. ఇంకా పుట్టని మనవల మనవలకు మనం ఎంత విలువ ఇస్తామన్నది ఏ ప్రయోగశాలా తేల్చలేని విషయం. అందువల్ల ఒక నిబంధన ‘దేశానికి భారం’ అనో ‘దేశానికి లాభం’ అనో ఎవరు చెప్పినా, ఆ లెక్కలో ఎంత రేటు వాడారు, ఎవరి నష్టాన్ని కలిపారు అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం వాదనలు శాస్త్రం గది ఖాళీ చేసి తమ అసలు చోటుకు వెళ్లిపోతాయి.

అయిదో ప్రశ్న, అధికారం ఎవరిదన్నది, మన పత్రికల్లో దాదాపు కనిపించదు గాని అమెరికాలో అసలు పోరాటం అక్కడే నడుస్తోంది. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టంలోని ‘కాలుష్య కారకం’ అన్న మాట కింద హరితగృహ వాయువులు (కార్బన్ డయాక్సైడ్ లాంటి, వేడిని పట్టి ఉంచే వాయువులు) కూడా వస్తాయని 2007లో మసాచుసెట్స్ రాష్ట్రం వేసిన కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో చెప్పింది. దాని ఆధారంగా 2009 డిసెంబరులో ఈపీఏ ఆరు హరితగృహ వాయువులు ప్రజారోగ్యానికి ప్రమాదకరమని నిర్ధారించింది. తరువాత వచ్చిన వాహన నిబంధనలకు ఈ నిర్ధారణే పునాది అయింది. 2022లో వెస్ట్ వర్జీనియా కేసులో అదే కోర్టు, ఈసారి 6–3 తేడాతో, బొగ్గు నుంచి దేశాన్ని మళ్లించేంత పెద్ద అధికారాన్ని కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, ఈపీఏకు స్పష్టంగా ఇవ్వలేదంది. ఆ తీర్పు చదివితే ఒక విషయం గమనించవచ్చు: బొగ్గు వాడకాన్ని తగ్గించేలా ఉద్గారాలకు హద్దు పెట్టడం తెలివైన పరిష్కారమే కావచ్చునని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒప్పుకుంటూనే, ఆ నిర్ణయం కాంగ్రెస్ చేయాలన్నారు. అక్కడ ఓడింది శాస్త్రం కాదు. వార్తల శీర్షికలు మాత్రం అలాగే ధ్వనించాయి.

2025 జులైలో ఆ 2009 నిర్ధారణనే రద్దు చేయాలని ఈపీఏ ప్రతిపాదించినప్పుడు కూడా ఈ విడదీత పనికివస్తుంది. ఆ ప్రతిపాదనలో ముందు నిలిచినది చట్టం అటువంటి అధికారం ఇవ్వలేదన్న వాదన. శాస్త్రం మీద సందేహం దాని వెనక నిలిచింది. అదే నెలలో ఇంధన శాఖ అయిదుగురు రచయితలతో ఒక నివేదిక వెలువరించి, వాతావరణ నష్టాలను అతిగా చెబుతున్నారంది. ఆ సెప్టెంబరులో అమెరికా జాతీయ అకాడమీలు 2009 నిర్ధారణ ఖచ్చితమైనదేననీ, దాని తరువాత ఆధారాలు మరింత బలపడ్డాయనీ ప్రకటించాయి. చట్టం వాదనను న్యాయవాదిలా, శాస్త్రం వాదనను పరిశోధకుడిలా చదవాలి. రెండింటికీ ఒకే మార్కులు వేయకూడదు.

ఏ పార్టీ ఏ మాట అంటుందన్నది పుట్టుకతో వచ్చినది కాదని గుర్తుంచుకోవడం కూడా ఈ పద్ధతిలో భాగమే. ఈపీఏను స్థాపించింది రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్. ఆమ్ల వర్షాలను అరికట్టడానికి 1990లో ఉద్గారాలకు పరిమితి పెట్టి, అనుమతులను కొనుక్కునే అమ్ముకునే వీలు కల్పించిన చట్టం మీద సంతకం చేసింది రిపబ్లికన్ అధ్యక్షుడు సీనియర్ బుష్. 2008లో రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్ కార్బన్‌కు అదే పద్ధతి కావాలన్నారు. ఇటువైపు చూస్తే, వర్ధమాన దేశాలకు బాధ్యతలు లేని ఒప్పందం వద్దన్న 1997 సెనేట్ తీర్మానం 95–0తో నెగ్గింది. అంటే ఓటు వేసిన డెమొక్రాట్లందరూ అందులో ఉన్నారు. 2009లో ప్రతినిధుల సభ 219–212తో ఆమోదించిన కార్బన్ బిల్లును 44 మంది డెమొక్రాట్లు వ్యతిరేకించారు, వారిలో చాలామంది బొగ్గు, చమురు, పరిశ్రమల ప్రాంతాల వారు. సభ్యుడి పార్టీతో పాటు అతని నియోజకవర్గంలో ఏ గని, ఏ కర్మాగారం ఉందో చూస్తే చాలా ఓట్లు అర్థమవుతాయి.

ఒక ఉదాహరణ మీద ఈ పద్ధతిని ప్రయోగించి చూద్దాం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో చలి తుపాను వచ్చి లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. డాలస్, హ్యూస్టన్ శివార్లలోని ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ రోజుల్లో ఇబ్బంది పడ్డాయి. గడ్డకట్టిన గాలిమరల వల్లే ఇదంతా అని కొందరు రిపబ్లికన్ నాయకులు అన్నారు. ఇది అయిదు ప్రశ్నల్లో ఏదీ కాదు, విడిగా పరీక్షించదగిన వాస్తవం: గాలిమరలు కొన్ని ఆగిన మాట నిజమే, కాని ఆగిపోయిన వాటిలో అత్యధికం సహజవాయువు కేంద్రాలని సమాఖ్య విచారణ తేల్చింది. ఆ చలికి కూడా భూతాపమే కారణమని అవతలివారు అన్నారు. ఉత్తర ధ్రువం వేడెక్కడానికీ అమెరికాలో చలి తుపానులకూ ఉన్న సంబంధం మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది కాబట్టి అది మూడో ప్రశ్న గదిలోనే ఉండాలి. ఇక గాలి విద్యుత్తులో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్నది ఇదే టెక్సాస్. పునరుత్పాదక విద్యుత్ లక్ష్యం పెట్టిన చట్టం మీద 1999లో సంతకం చేసిన గవర్నరు జూనియర్ బుష్.

ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు అంకెలతో మీద పడితే పని జరగదు. శాస్త్ర పరిజ్ఞానం ఎక్కువ ఉన్నవారిలో పక్షాల మధ్య దూరం తగ్గకపోగా పెరుగుతుందని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ కహాన్ బృందం 2012లో చూపించింది. ఇంజినీర్లు నిండిన మన కుటుంబాల్లో ఇది తెలిసిన సంగతే. ‘కార్బన్ పన్ను లేకుండా, అణు విద్యుత్తుతో ఈ పని అయ్యేటట్లయితే నీకు అభ్యంతరమా?’ అని బావగారినో బాబాయినో నెమ్మదిగా అడగాలి. అభ్యంతరం లేదంటే ఆయన గొడవ నాలుగో ప్రశ్నతోనే. 2024లో కొత్త రియాక్టర్ల అనుమతులను సులభం చేసే చట్టం సెనేట్‌లో 88–2తో నెగ్గడం అటువంటివారు చాలామంది ఉన్నారనడానికి సాక్ష్యం.

నాయకుల విషయంలో మాత్రం ప్రశ్నలు చాలవు, ఓటు చూడాలి. స్వచ్ఛ ఇంధనానికి 2022 చట్టం ఇచ్చిన పన్ను రాయితీలను పూర్తిగా ఎత్తివేయవద్దని 2024 ఆగస్టులో 18 మంది రిపబ్లికన్ ప్రతినిధులు తమ స్పీకరుకు లేఖ రాశారు. లేఖలో వాదన ఉష్ణోగ్రతల మీద కాదు, తమ ప్రాంతాల్లో మొదలైన పెట్టుబడుల మీద, ఉద్యోగాల మీద. విద్యుత్ కారు కొనేవారికి అప్పట్లో ఇచ్చిన 7,500 డాలర్ల రాయితీతో సహా వాటిలో చాలావాటికి కోత పెట్టిన బిల్లు 2025 జులై 3న ప్రతినిధుల సభలో 218–214తో నెగ్గింది. దాన్ని వ్యతిరేకించిన రిపబ్లికన్లు ఇద్దరు.