మెక్సికో సిటీలో చుట్టాలింటికి బయలుదేరే ముందు జాగ్రత్తలు

ముందు వీసా సంగతి. ఇండియన్ పాస్‌పోర్ట్‌పై చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. గడువు తేదీ ఇంట్లో ప్రతి ఒక్కరిదీ చూడండి, పిల్లలవి కూడా. చుట్టాల అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి.

మందుల దగ్గర చాలా జాగ్రత్త. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు అక్కడ నిషేధం. అమ్మానాన్నల బీపీ, షుగర్ మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలోనే ఉండాలి. నగరం సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. మొదటి రెండు రోజులు పెద్దవాళ్లను ఎక్కువ తిప్పకండి. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉంటే డాక్టర్‌ని అడిగాకే టికెట్ కొనండి.

కుళాయి నీళ్లు తాగొద్దు. ఇళ్లలో 20 లీటర్ల క్యాన్లు ఉంటాయి, పళ్లు తోముకోవడానికీ అవే వాడండి.

శాకాహారులకు ఒక మాట: ఉడికించి మెదిపిన బీన్స్‌లో పంది కొవ్వు కలపడం మామూలే. బయట తినేటప్పుడు "సిన్ కార్నె, సిన్ మాంతెకా" అని చెప్పండి, అంటే మాంసం, పంది కొవ్వు వద్దని.

మన మిక్సీ మోయకండి, అక్కడి కరెంటు 127 వోల్టులే.

భూకంపం సైరన్ మోగితే ఎక్కడికి వెళ్లాలో చేరిన రోజే ఇంటివాళ్లను అడిగి, పిల్లలకు ఆ దారి చూపించండి. అత్యవసర నంబరు 911.